స్క్వాట్‌లో గాయం ఎక్కడి నుంచి వస్తుంది: అపోహలు - వాస్తవాలు

మోకాలి నొప్పితోనో నడుము నొప్పితోనో నా దగ్గరికి వచ్చే లిఫ్టర్లలో చాలామంది ముందుగా ఫోన్ తీసి, తమ స్క్వాట్ (బరువులు తగిలించిన ఇనుప కడ్డీని, అంటే బార్‌ను, భుజాల మీద పెట్టుకుని కిందికి దిగి లేచే వ్యాయామం) వీడియో చూపించి, తప్పు ఎక్కడుందో చెప్పమని అడుగుతారు. వీడియో తప్పకుండా చూస్తాను. కానీ అంతకంటే ముందు, గడిచిన ఆరు వారాల్లో ఏ రోజు ఎంత బరువుతో ఎన్ని సెట్లు (ఆగకుండా వరుసగా చేసే ఒక్కో విడత) చేశారో రాసుకున్న పుస్తకం చూపించమంటాను. ఏడాది పొడవునా ఒకే తీరులో, ఏ ఇబ్బందీ లేకుండా స్క్వాట్ చేసిన మనిషికి ఈ నెలలోనే నొప్పి ఎందుకు మొదలైందన్న ప్రశ్నకు వీడియోలో జవాబు దొరకదు. ఆ పుస్తకంలో చాలాసార్లు దొరుకుతుంది. కోచ్‌గా ఇన్నేళ్లలో నాకు స్థిరపడిన అభిప్రాయం ఏమిటంటే, స్క్వాట్‌లో వచ్చే గాయాల్లో ఎక్కువ భాగం ఏదో ఒక తప్పుడు భంగిమ వల్ల కాక, శరీరం అలవాటు పడే వేగాన్ని మించి బరువునో సెట్లనో పెంచడం వల్ల వస్తాయి. నియమాలుగా చలామణీ అవుతున్న కొన్ని మాటలు ఈ అసలు కారణాన్ని మరుగున పడేయడమే కాక, తామే కొత్త నొప్పులు తెచ్చిపెడుతున్నాయి.

పవర్‌లిఫ్టింగ్ (స్క్వాట్ వంటి లిఫ్టుల్లో ఎవరు ఎక్కువ బరువు ఎత్తుతారో పోటీ పడే క్రీడ) అంటేనే ఒళ్లు గుల్ల చేసుకోవడమని భయపడేవారికి ఒక మాట. ఈ క్రీడలోని గాయాలపై జరిగిన అధ్యయనాలను కలిపి పరిశీలించి 2017లో వెలువడిన ఒక సమీక్ష ప్రకారం, వెయ్యి గంటల శిక్షణకు సుమారు 1 నుంచి 4.4 గాయాలు నమోదయ్యాయి. వెన్ను, భుజం, మోకాలు ఎక్కువగా దెబ్బతినే చోట్లు. ఈ సంఖ్య సున్నా కాదు కాబట్టే జాగ్రత్తలు కావాలి. భయపడి మానుకోవాల్సినంత పెద్దదీ కాదు.

అపోహ: మోకాళ్లు కాలివేళ్లను దాటి ముందుకు రాకూడదు.

వాస్తవం: నేను అందరికంటే ఎక్కువసార్లు సరిదిద్దాల్సి వచ్చిన మాట ఇదే. 2003లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, బరువులు ఎత్తే అలవాటున్న ఏడుగురు పురుషుల చేత తమ శరీర బరువుకు సమానమైన బరువుతో రెండు రకాలుగా స్క్వాట్ చేయించారు. ఒకసారి మోకాళ్లను వాటి దారిన వాటిని పోనిచ్చారు. మరోసారి ఎదురుగా ఒక పలక నిలబెట్టి, అవి కాలివేళ్లను దాటకుండా ఆపారు. పలక అడ్డుగా ఉన్నప్పుడు మోకాలి దగ్గర టార్క్ (కీలును తిప్పే బలం) సుమారు 150 న్యూటన్ మీటర్ల నుంచి 117కు తగ్గింది. అదే సమయంలో తుంటి దగ్గర 28 నుంచి 302కు పెరిగింది. మోకాళ్లు ముందుకు రాకపోతే పిరుదులు మరింత వెనక్కి పోవాలి, వాటికి సరితూగడానికి మొండెం మరింత ముందుకు వాలాలి. అందుకే మోకాలికి దక్కిన కాస్త ఊరటకు తుంటి పది రెట్లకు పైగా టార్క్ మోసింది, నడుము మీదా భారం పెరిగింది.

పొడవైన తొడలున్న ఒక యువతి ఈ నియమాన్ని రెండేళ్లు నిష్ఠగా పాటించి, ప్రతి స్క్వాట్ రోజు తర్వాతా నడుము పట్టేస్తోందని వచ్చింది. పక్క నుంచి చూస్తే పిక్కలు గోడల్లా నిలువుగా ఉండేవి, ఛాతీ దాదాపు తొడల మీదికి వాలిపోయేది. అడుగుకు చేరేసరికి బార్ పాదం మధ్యభాగాన్ని వదిలి వేళ్ల వైపు జారేది, మడమల కింద కాగితం దూరేంత సందు కనిపించేది, పైకి లేచేటప్పుడు పిరుదులు ముందు లేచి ఛాతీ వెనక మిగిలిపోయేది. ఆమెకు నేను చెప్పింది రెండే రెండు విషయాలు. మోకాళ్లను కాలివేళ్లు చూస్తున్న దిశలోనే ముందుకు పోనివ్వమన్నాను, మడమ ఎత్తుగా ఉండే లిఫ్టింగ్ షూ వేసుకోమన్నాను. బరువును మూడోవంతు తగ్గించి మొదలుపెట్టి, కొన్ని వారాల్లో పాత బరువుకు చేరాం. ఆ నడుము పట్టేయడం మళ్లీ రాలేదు.

కాబట్టి మోకాలు ఎక్కడి దాకా వచ్చిందన్నది కాక, బార్ పాదం మధ్యభాగానికి సరిగ్గా పైన నిలువు గీతలా దిగి లేస్తోందా, మడమ నేలను వదలకుండా ఉందా అన్నవి చూడాలి. ఫోన్‌ను తుంటి ఎత్తులో, సరిగ్గా పక్క నుంచి పెట్టి తీస్తే ఈ రెండూ స్పష్టంగా తెలుస్తాయి. అయితే మోకాలిచిప్ప కింది టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే పట్టీ) ఇప్పటికే నొప్పి పెడుతున్నవారు కొంతకాలం పాటు మోకాళ్లు ముందుకు రావడాన్ని తగ్గించుకోవడంలో అర్థం ఉంది. అది తాత్కాలికమైన సర్దుబాటే తప్ప అందరికీ ఎల్లకాలం వర్తించే నియమం కాదు.

అపోహ: లోతుగా దిగితే మోకాళ్లు అరిగిపోతాయి, సగం దాకా దిగితే క్షేమం.

వాస్తవం: ఈ భయానికి ఒక పుట్టుక ఉంది. 1961లో టెక్సస్ విశ్వవిద్యాలయానికి చెందిన కార్ల్ క్లీన్, లోతైన స్క్వాట్లు మోకాలి లిగమెంట్లను (ఎముకలను ఒకదానితో ఒకటి కలిపి ఉంచే పట్టీలను) వదులు చేస్తాయని రాశారు. తర్వాత పరికరాలతో కొలిచి చూసిన పరిశోధకులకు ఆ ఫలితం మళ్లీ కనిపించలేదు, కానీ మాట మాత్రం నిలిచిపోయింది. నిజానికి మోకాలి ముందువైపు క్రూసియేట్ లిగమెంట్ మీద ఒత్తిడి కాలు దాదాపు తిన్నగా ఉన్నప్పుడే ఎక్కువ, మోకాలు వంగేకొద్దీ అది తగ్గుతుంది. మోకాలిచిప్ప వెనక ఒత్తిడి వంగేకొద్దీ పెరిగే మాట నిజమే. అయితే ఆ ఒత్తిడిని పంచుకునే తలం కూడా వంగేకొద్దీ విశాలమవుతుంది. సగం స్క్వాట్‌లో అసలు ప్రమాదం వేరే చోట ఉంది. దిగాల్సిన దూరం తక్కువ కాబట్టి పూర్తి లోతులో మోయలేని బరువును లిఫ్టర్ భుజాల మీదికి ఎత్తుకుంటాడు, ఆ బరువంతా వెన్ను మీద పడుతుంది.

పవర్‌లిఫ్టర్‌కు ఇందులో మరో లెక్క కూడా ఉంది. అంతర్జాతీయ పవర్‌లిఫ్టింగ్ సమాఖ్య నియమం ప్రకారం తుంటి కీలు దగ్గర తొడ పైతలం మోకాలి పైభాగం కంటే కిందికి దిగాలి, ముగ్గురు రెఫరీల్లో కనీసం ఇద్దరు లిఫ్ట్ చెల్లిందని తెల్ల లైటు ఇవ్వాలి. ట్రైనింగ్‌లో రెండంగుళాలు పైనే ఆపే అలవాటున్నవారు పోటీ రోజున, అన్నిటికంటే బరువైన బార్ కింద, తాము ఎప్పుడూ బలం పెంచుకోని లోతులోకి మొదటిసారి దిగుతారు. గాయం అవకాశాన్ని చేతులారా పెంచుకోవడం అంటే ఇదే. లోతును ఖాళీ బార్ నుంచే అలవాటు చేసుకోవాలి. దిగడం అదుపులో ఉండాలి. కండరాలను వదిలేసి అడుగున పడిపోయి, ఆ దెబ్బకు ఎగిరి లేవడం లోతుగా దిగడం అనిపించుకోదు.

అపోహ: పాదాలు భుజాల వెడల్పులో, వేళ్లు తిన్నగా ముందుకు ఉండడమే సరైన పద్ధతి.

తుంటి గిన్నె ఏ దిశలో తిరిగి ఉంది, తొడ ఎముక ఎంత పొడవుంది, చీలమండ ఎంత వంగుతుంది అన్నవి మనిషికీ మనిషికీ మారతాయి, సాగదీసినంత మాత్రాన ఎముక ఆకారం మారదు. బరువు లేకుండా మూడు నాలుగు వెడల్పుల్లో, వేళ్లను 15 నుంచి 30 డిగ్రీల దాకా బయటికి తిప్పి కూర్చుని చూసి, తుంటి ముందు భాగంలో నొక్కినట్టు అనిపించకుండా ఎక్కడ లోతుగా దిగగలుగుతున్నారో అక్కడి నుంచి మొదలుపెట్టాలి. ఛాంపియన్ నిలబడే తీరును అనుకరించడం కంటే ఈ పది నిమిషాల పరీక్ష ఎంతో మేలు.

అపోహ: అడుగున నడుము అణువంతైనా గుండ్రమైతే డిస్క్ జారిపోతుంది.

వాస్తవం: తమ వీపు పూర్తిగా తిన్నగా ఉందని నమ్మే అనుభవజ్ఞులలో కూడా, కొలిచి చూస్తే, అడుగున నడుము కొంత వంగుతూనే ఉంటుంది. తుంటి కీలు తన హద్దుకు చేరాక కటి వెనక్కి తిరగడం సహజం. అంత మాత్రానికే భయపడిపోయి, దాన్ని ఆపాలని నడుమును బలంగా వెనక్కి విరిచి స్క్వాట్ చేసేవారిని చూస్తాను. వారు ఒక నొప్పిని తప్పించుకోబోయి వెన్నుపూసల వెనకవైపు మరో నొప్పి తెచ్చుకుంటారు.

నన్ను ఆందోళన పెట్టేది మార్పు. మొదటి రెప్‌లో (ఒకసారి దిగి లేవడం ఒక రెప్) ఉన్న వంపే ఐదో రెప్‌లోనూ ఉంటే ఆ శరీరం ఆ పనికి అలవాటు పడి ఉందని అర్థం. మొదటి రెండు రెప్‌లు బాగుండి, మూడోదానిలో ఛాతీ కుంగి, నాలుగోదానిలో నడుము బరువు కింద ఒక్కసారిగా ఒంగిపోతే, ఆ సెట్ మూడో రెప్ దగ్గరే ముగియాల్సింది. నా దృష్టిలో మంచి టెక్నిక్ అంటే అందమైన ఆకారం కాదు, ఖాళీ బార్‌తో ఉన్న దారే బరువైన బార్‌తోనూ నిలవడం. మోకాళ్లు లోపలికి రావడం గురించి కూడా నా సమాధానం ఇదే: లేచే క్షణంలో కాస్త కదిలి వెంటనే సర్దుకునే మోకాలి కంటే, రెప్ రెప్‌కూ మరింత లోపలికి కూలే మోకాలిని పట్టించుకోవాలి.

ఆ నిలకడ బ్రేసింగ్ నుంచి, అంటే గాలి నింపి నడుము చుట్టూ బిగించడం నుంచి, వస్తుంది. రాక్ (బార్‌ను ఆనించి ఉంచే స్టాండ్) నుంచి వెనక్కి రెండు మూడు చిన్న అడుగులు వేసి, పాదాలు కుదిరాక, ఛాతీ పైకి లేచేలా కాకుండా పొట్ట, పక్కటెముకల కింది భాగం, నడుము చుట్టూ నిండేలా గాలి తీసుకోవాలి. ఎవరో కడుపులో గుద్దబోతున్నట్టు బిగించి, కష్టమైన చోటు దాటే దాకా ఆ గాలిని పట్టి ఉంచాలి. ప్రతి రెప్‌కూ పైన నిలబడి మళ్లీ గాలి తీసుకోవాలి.

అపోహ: బెల్ట్ ఉంటే నడుముకు ఏమీ కాదు. దీనికి కవల అపోహ: బెల్ట్ వాడితే నడుము బలహీనపడుతుంది.

రెండూ నిజం కావు. బెల్ట్ నడుమును మోయదు. పొట్ట నెట్టడానికి ఒక గోడలా నిలిచి, లోపలి ఒత్తిడి పెరగడానికి తోడ్పడుతుంది. నెట్టడం రాని మనిషికి బెల్ట్ వల్ల ఒరిగేది పెద్దగా లేదు. అందుకే ముందు బెల్ట్ లేకుండా బ్రేసింగ్ నేర్పి, ఆ తర్వాతే బరువైన సెట్లకు బెల్ట్ ఇస్తాను. పోటీల్లో బెల్ట్ వెడల్పు 10 సెంటీమీటర్లకు, మందం 13 మిల్లీమీటర్లకు మించకూడదు. గాలి లోపలికి తీసుకోవడానికి చోటు లేనంత బిగిస్తే బెల్ట్ తన పనికే అడ్డం వస్తుంది.

ఊపిరి బిగపట్టడం వల్ల రక్తపోటు ఎంత పెరుగుతుందో కూడా లిఫ్టర్లు తెలుసుకోవాలి. 1985లో ఐదుగురు బాడీబిల్డర్ల ధమనుల్లో నేరుగా కొలిచినప్పుడు, రెండు కాళ్లతో బరువును నెట్టే లెగ్ ప్రెస్‌లో, బరువు ఎక్కువగా ఉన్నప్పుడు, రక్తపోటు సగటున 320/250 దాకా చేరింది. ఆరోగ్యవంతుల్లో ఇది క్షణాల్లో దిగిపోతుంది. అధిక రక్తపోటు, గుండె జబ్బు, రెటీనా సమస్య ఉన్నవారు మాత్రం డాక్టర్‌ను అడగకుండా ఊపిరి బిగపట్టి బరువైన స్క్వాట్ చేయకూడదు.

అపోహ: టెక్నిక్ సరిగా ఉంటే గాయం కాదు.

వాస్తవం: మొదట చెప్పిన పుస్తకం దగ్గరికి ఇప్పుడు వస్తాను. అందులో నేను వెతికేవి కొన్ని ఉంటాయి. జ్వరం వల్లనో ప్రయాణం వల్లనో మూడు వారాలు మాని, నాలుగో వారం మొదటి రోజే పాత బరువు వేసిన రోజులు. వారానికి ఆరు బరువైన సెట్లు చేసే మనిషి కొత్త ప్రోగ్రామ్ దొరికిందని ఒక్కసారిగా పద్నాలుగు చేసిన వారాలు. హై బార్ (బార్‌ను మెడకు కాస్త కింద పెట్టుకోవడం) నుంచి లో బార్‌కు (వీపు మీద ఇంకాస్త దిగువన పెట్టుకోవడానికి) మారుతూ బరువు మాత్రం తగ్గించని సందర్భాలు. ఆ మార్పులో మొదట మొరాయించేవి కాళ్లు కావు, బార్‌ను వీపు మీద బిగించి పట్టుకోవాల్సిన భుజాలు, మోచేతులు. కండరాలు వారాల్లో బలపడతాయి, టెండన్లకు నెలలు పడుతుంది. తొడలు ఇంకా మోయగలమంటున్నప్పుడే మోకాలి టెండన్ చాలంటుంది, ఆ మాట మరుసటి ఉదయం మెట్లు దిగేటప్పుడు గానీ వినిపించదు.

అందువల్ల నా దగ్గర బరువు పెంపు చాలావరకు 2.5 కిలోల చొప్పున సాగుతుంది, బరువునూ సెట్లనూ ఒకే వారంలో పెంచనివ్వను, ఎక్కువ సెట్లను ఇంకా రెండు మూడు రెప్‌లు చేయగలిగే ఓపిక మిగిలి ఉండగానే ఆపిస్తాను. విరామం తర్వాత వచ్చినవారు మొదటి వారం తమకు తేలిక అనిపించే బరువుతోనే చేయాలి. దీన్ని పిరికితనంగా చూసే యువ లిఫ్టర్లకు నేను చెప్పేది ఒకటే: గాయంతో పోయే మూడు నెలల్లో 2.5 కిలోల మెట్లు ఎన్ని ఎక్కవచ్చో లెక్క వేసుకోండి.

అపోహ: పక్కన స్పాటర్ (బార్ పడిపోతే పట్టుకోవడానికి నిలబడే సహాయకుడు) ఉన్నాడు కాబట్టి సేఫ్టీ పిన్లు (పడే బార్‌ను ఆపేందుకు రాక్‌కు అడ్డంగా అమర్చే కడ్డీలు) అక్కర్లేదు.

బరువైన బార్ ఒక్కసారిగా కూలితే వెనక నిలబడిన ఒక్క మనిషి దాన్ని ఆపలేడు. పోటీల్లో ఇద్దరి నుంచి ఐదుగురి దాకా స్పాటర్లను నిలబెట్టేది ఇందుకే. ఖాళీ బార్‌తో మీ పూర్తి లోతుకు దిగి, అక్కడ బార్‌కు వేలి వెడల్పు కింద పిన్లు ఉండేలా అమర్చుకోవాలి. ఇక లేవలేమని తెలిసిన క్షణంలో మెలికలు తిరగకుండా, వెన్ను బిగించే ఉంచి, బార్‌ను పిన్ల మీదికి దించాలి. ఇది కూడా తేలికపాటి బరువుతో సాధన చేయాల్సిన పనే.

అపోహ: నొప్పి వస్తే నెల రోజులు పూర్తిగా మానేయాలి.

వాస్తవం: దీనికి ఎదురుగా నొప్పిని పళ్ల బిగువున భరించాలనేవారూ ఉన్నారు, రెండు దారులూ లిఫ్టర్‌కు నష్టమే. పూర్తిగా మానేస్తే నొప్పి తగ్గవచ్చు, దానితోపాటు టెండన్ తట్టుకునే శక్తీ తగ్గుతుంది, తిరిగి వచ్చిన వారంలోనే కథ మళ్లీ మొదటికి వస్తుంది. నొప్పిని సున్నా నుంచి పది దాకా కొలుచుకుని, మూడుకు మించకుండా, మరుసటి ఉదయానికి ముందున్న స్థాయికి తిరిగి వచ్చేంత బరువు ఏదో కనుక్కుని, దానితో వారానికి రెండు రోజులు కొనసాగించడం ఎక్కువమందికి పనిచేసింది. మూడు సెకన్లు లెక్కపెడుతూ నెమ్మదిగా దిగడం, నొప్పి మొదలయ్యే ఎత్తుకు కాస్త పైన పెట్టె మీద కూర్చుని లేవడం, బార్ బదులు ఛాతీకి హత్తుకున్న డంబెల్‌తో చేయడం, ఇవన్నీ బరువు తగ్గిస్తూనే స్క్వాట్‌ను చేతిలో ఉంచుకునే దారులు.

కొన్ని లక్షణాల విషయంలో మాత్రం ఈ సర్దుబాట్లేవీ చేయకూడదు. టప్ మన్న శబ్దంతో మోకాలు వెంటనే వాచిపోయినా, కీలు ఇరుక్కుని కదలకపోయినా, నడుము నుంచి కాలిలోకి పాకే నొప్పితో పాదం పైకి ఎత్తలేకపోయినా, తొడల మధ్య తిమ్మిరి వచ్చినా, మూత్రం మీద అదుపు తప్పినా బార్‌ను రాక్‌లో పెట్టి అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. ఈ చివరి రెండింటికీ తెల్లవారే దాకా కూడా ఆగకూడదు.