సెకండ్‌హ్యాండ్ బోట్ ట్రైలర్: అపోహలు - వాస్తవాలు

టెక్సాస్‌లో గాల్వెస్టన్ బే దగ్గర ట్రైలర్లు రిపేరు చేయడం నా పని. హ్యూస్టన్ చుట్టుపక్కల మనవాళ్లు పాత బోట్లు బాగానే కొంటున్నారు. ఇంజిన్ స్టార్ట్ చేయించి, సీట్లు తడిమి, బోటును అంగుళం అంగుళం చూస్తారు. కింద ఉన్న ట్రైలర్‌ని మాత్రం కొసరు కింద జమకడతారు. హైవే మీద నడిరాత్రి ఆపేసేది ఆ కొసరే.

అపోహ: టైర్లకు గ్రిప్ నిండుగా ఉంది, ఇంకేం చూడాలి?

వాస్తవం: ఈ టైర్లు అరిగిపోవడం తక్కువ, ఒకేచోట నిలబడి ఎండకు పాడవడం ఎక్కువ. టైరు పక్కభాగం మీద డీఓటీ (DOT) అని మొదలయ్యే వరసలో చివరి నాలుగు అంకెలు చూడండి. 2319 అంటే 2019లో 23వ వారం తయారీ. బయటివైపు కనపడకపోతే కిందికి దూరి లోపలివైపు చూడండి. ఐదారేళ్లు దాటితే కొత్త టైర్ల ఖర్చు బేరంలో తగ్గించమనండి.

అపోహ: హబ్‌కి (చక్రం మధ్యలో బేరింగులుండే భాగానికి) గ్రీజు మూత ఉంది కాబట్టి బేరింగులకు ఢోకా లేదు.

వాస్తవం: నా దగ్గరికి వచ్చే బళ్లలో ఎక్కువ భాగం ఈ నమ్మకంతో చెడిపోయినవే. దూరం నుంచి వచ్చిన హబ్ వేడిగా ఉంటుంది. బోటును నీళ్లలోకి దించే ర్యాంపు దిగి చల్లటి నీళ్లలో మునగగానే లోపలి గాలి కుంచించుకుపోయి, వెనక సీలు సందులోంచి నీళ్లను లాగేస్తుంది. స్ప్రింగు ఉన్న గ్రీజు మూత లోపల కొద్దిపాటి ఒత్తిడి ఉంచేది దాన్ని ఆపడానికే. కానీ గన్నుతో అదేపనిగా గ్రీజు కొడితే ఆ సీలే బయటికి తన్నుకొస్తుంది. చక్రం లోపలివైపు రిమ్ మీద గ్రీజు చిమ్మిన మరకలుంటే జరిగింది అదే.

మూత తీయించి, వేలితో కాస్త గ్రీజు తీసి చూడండి. పాలు కలిసినట్టు తెల్లగా ఉంటే నీళ్లు చేరాయి. తర్వాత జాకీతో లేపి చక్రం తిప్పుతూ, రెండో చెయ్యి కమాన్ పట్టీ మీద ఉంచండి. లోపల గరగరలాడితే చేతికి తెలిసిపోతుంది. పైనా కిందా పట్టుకుని ఊపితే ప్లే, అంటే లూజు, ఎక్కువగా ఉండకూడదు. అమ్మేవాడు "మొన్ననే గ్రీజు మార్పించా" అంటాడు. అందరూ అదే అంటారు, రసీదు అడగండి.

అపోహ: గాల్వనైజ్డ్ (జింకు పూత వేసిన) ఉక్కు తుప్పు పట్టదు, అల్యూమినియమైతే అసలే పట్టదు.

వాస్తవం: ఉప్పునీళ్లు ఫ్రేము గొట్టాల లోపల నిలిచి అక్కణ్ణుంచి తినడం మొదలుపెడతాయి. పైకి ఎంత నిగనిగలాడినా, అడుగు నుంచి చిన్న సుత్తితో తట్టి చూడండి. ఖంగుమనాలి. మొద్దుగా మోగినా, లోపల పెంకులు రాలిన చప్పుడు వచ్చినా వదిలేయండి. అల్యూమినియం ట్రైలర్‌కైనా ఇరుసు, కమాన్ పట్టీలు మామూలుగా ఉక్కువే. పైగా ఉక్కు బోల్టు తగిలిన చోట ఉప్పునీళ్లు తోడైతే అల్యూమినియమే తినుకుపోతుంది.

అపోహ: ఇన్నాళ్లూ ఈ బోటునే మోసింది కదా, బరువు సరిపోతుంది.

వాస్తవం: ట్రైలర్ ఫ్రేముకి ఉండే కంపెనీ ప్లేటు మీది గరిష్ఠ బరువులో ట్రైలర్ సొంత బరువు కూడా కలిసే ఉంటుంది. అది తీసేయగా మిగిలిందే బోటుకి. కంపెనీ చెప్పే బోటు బరువేమో ఖాళీ బోటుది. 40 గాలన్ల పెట్రోలే సుమారు 240 పౌండ్లు, ఆపైన బ్యాటరీలు, లంగరు, ఐస్ పెట్టె. మొత్తం 4,500 పౌండ్లు దాటితే టెక్సాస్‌లో హైవే మీద ట్రైలర్‌కి బ్రేకులు తప్పనిసరి.

లైట్లు వెలగడం లేదని మాత్రం టెన్షన్ పడకండి. చాలాసార్లు తెల్ల ఎర్త్ వైరు వదులై ఉంటుంది, అంతే.

అపోహ: బోటు కాగితాలుంటే ట్రైలర్‌వి ఉన్నట్టే.

వాస్తవం: టెక్సాస్‌లో బోటు, దాని వెనక తగిలించే ఔట్‌బోర్డ్ మోటారు టైటిళ్లు (యాజమాన్య పత్రాలు) పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖవి. ట్రైలర్ పని కౌంటీ టాక్స్ ఆఫీసులో. లోడుతో కలిపి 4,000 పౌండ్లు మించితే దానికి వేరే టైటిల్ ఉండాల్సిందే. ఫ్రేము మీది విన్ నంబరూ (బండి గుర్తింపు నంబరు) కాగితం మీది నంబరూ ఒకటో కాదో డబ్బు ఇవ్వకముందే సరిచూసుకోండి. నంబరు ప్లేటు తుప్పుకు చెరిగిపోతే, ముందు సరిచేయించి తెమ్మని అమ్మేవాడినే అడగండి.