చలికాలం పొద్దున సైకిల్ ఎందుకు జారుతుంది?

తిరుపతిలో రోడ్డు మీద నీళ్ళు గడ్డకట్టవు. డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున కూడా ఇక్కడ 18 డిగ్రీల దరిదాపుల్లోనే ఉంటుంది. మదనపల్లె, పలమనేరు వైపు ఎత్తు మీద ఇంకో నాలుగైదు డిగ్రీలు తగ్గుతుంది. అయినా ధనుర్మాసం పొద్దుల్లో సైకిళ్ళు జారుతూనే ఉంటాయి. పేపర్ కట్టలు క్యారియర్‌కి బిగించుకుని బయల్దేరే కుర్రాళ్ళని, వెనక రెండు వైపులా పాల క్యాన్లు తగిలించుకున్న పెద్దవాళ్ళని అడిగి చూడండి, మోచేతి మీదో మోకాలి మీదో ఒక మచ్చ చూపిస్తారు. "ఎట్లా పడ్డానో తెలీదు, ఉన్నట్టుండి చక్రం పక్కకి పోయింది" అంటారు. అలా ఎందుకు పోతుందో భౌతికశాస్త్రం చక్కగా చెబుతుంది. అయితే అది బాగా తెలియాలంటే ముందు నిజంగా మంచుగడ్డల మీద సైకిల్ తొక్కేవాళ్ళ సంగతి చూడాలి.

ఫిన్లాండ్ ఉత్తరాన, ఆర్కిటిక్ వలయానికి కాస్త కిందుగా ఔలు అనే ఊరుంది. ఏడాదిలో నెలల తరబడి అక్కడ నేలంతా తెల్లగా ఉంటుంది. ఆ చలిలోనే పిల్లలు బడికి, పెద్దలు పనికి సైకిళ్ళ మీద పోతారు. చలికాలపు సైక్లింగ్ మీద మొదటి అంతర్జాతీయ సదస్సు 2013లో ఆ ఊళ్ళోనే జరిగింది. మంచు పడగానే సైకిల్ దారులని చదును చేస్తారు. ఐసు పేరుకునే చోట్లకి టంగ్‌స్టన్ కార్బైడ్ మొనలున్న చిన్న చిన్న మేకులు దిగ్గొట్టిన టైర్లు వాడతారు. రబ్బరు పట్టు దొరకని చోట ఆ మేకు ఐసులోకి దిగి నిలబెడుతుంది.

ఐసు అంత జారుడుగా ఎందుకు ఉంటుందన్న ప్రశ్నకి చాలామంది చదువుకున్న జవాబు, బరువు నొక్కుడికి ఐసు కరిగి నీటి పొర ఏర్పడుతుందని. లెక్క వేస్తే ఇది నిలవదు. ఒక వాతావరణ పీడనం, అంటే మన చుట్టూ ఉన్న గాలి నొక్కేంత నొక్కుడు, పెంచితే ఐసు కరిగే ఉష్ణోగ్రత తగ్గేది డిగ్రీలో వందో వంతు కూడా కాదు, దాదాపు 0.0075. సైకిల్ టైరులో గాలి పీడనం దానికి నాలుగు రెట్లనుకుంటే, అది రోడ్డుని నొక్కేదీ ఇంచుమించు అంతే. అంటే డిగ్రీలో వందకి మూడు వంతులు. మైనస్ ఐదులో ఉన్న ఐసుని కరిగించడానికి ఇది ఏ మూలకీ రాదు. అసలు సంగతి ఐసు పైపొరలో ఉంది. లోపలి అణువుని అన్ని వైపుల నుంచీ పక్క అణువులు పట్టుకుని ఉంటాయి, పై అంచున ఉన్నదానికి పైనుంచి పట్టుకునేవాళ్ళు లేరు. అందుకే అవి సడలి, సున్నాకి దిగువన కూడా నీళ్ళలాంటి పల్చటి పొరగా మసలుతాయి. రెండు ఐసు ముక్కల్ని ఆనిస్తే అతుక్కుపోవడం చూసి మైకేల్ ఫారడే 1850లోనే ఈ పొర ఉండి ఉండాలన్నాడు. దానికి తోడు, జారేటప్పుడు రాపిడికి పుట్టే వేడి ఆ పొరని ఇంకాస్త మందం చేస్తుంది. కాబట్టి గట్టిగా గడ్డకట్టిన మైనస్ 20 డిగ్రీల ఐసు కన్నా, సున్నా దగ్గర తడితడిగా ఉన్న ఐసే టైరుకి ఎక్కువ ప్రమాదం.

ఇక్కడ మనకి పనికొచ్చే విషయం ఒకటుంది. టైరుకీ రోడ్డుకీ మధ్య ఒక పల్చటి పొర దూరితే చాలు, పట్టు పోతుంది. ఆ పొర ఐసే కానక్కర్లేదు.

పట్టు ఎంత ఉందో ఘర్షణ గుణకం అనే అంకె చెబుతుంది. పొడి తారు రోడ్డు మీద అది సుమారు 0.7. తడిస్తే 0.4 దగ్గరికి దిగవచ్చు. ఐసు మీద 0.1, ఒక్కోసారి ఇంకా తక్కువ. ఈ పట్టుని నెల జీతం అనుకోండి. మలుపు తిరగడానికి, బ్రేకు పట్టడానికి, పెడల్ తొక్కడానికి ఖర్చంతా దాంట్లోంచే పోవాలి. మలుపులోనే చాలా భాగం ఖర్చు పెట్టేసి, అదే క్షణంలో బ్రేకు కూడా నొక్కితే జీతం చాలదు, చక్రం జారుతుంది. జీతం 0.7 ఉన్న రోజున ఈ తప్పు కనపడదు. 0.4 అయిన రోజున కనపడుతుంది.

అంకెల్లో చూస్తే, పది మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపుని పొడి రోడ్డు మీద గంటకి 30 కిలోమీటర్ల దాకా తిరగవచ్చు. తడిలో 22 దాటితే జారుడే. ఐసు మీద 11. బ్రేకు లెక్కా ఇలాంటిదే. గంటకి 20 కిలోమీటర్ల వేగంలో వెళ్తూ బ్రేకు పడితే తడి రోడ్డు మీద ఆగడానికి నాలుగు మీటర్లు, ఐసు మీద దాదాపు 16 మీటర్లు కావాలి. ప్రమాదం చూసి చెయ్యి కదిలించడానికి పట్టే ఒక సెకనులో సైకిల్ ఇంకో ఐదున్నర మీటర్లు పోయే ఉంటుంది, అది వేరే.

మరి మన దగ్గర ఆ పొర ఎక్కణ్ణుంచి వస్తుంది? మబ్బు లేని రాత్రి నేల తన వేడిని ఆకాశంలోకి వదిలేస్తుంది. తారు రోడ్డు పగటి వేడిని లోపల దాచుకుంటుంది కాబట్టి తొందరగా చల్లబడదు. తొందరగా చల్లబడేవి పల్చటి ఇనుప వస్తువులు, అంటే మురుగుకాలువ మూతలు, వంతెన మీద అతుకుల దగ్గర వేసే ఇనుప పట్టీలు. వాటి మీద ముందుగా తేమ చేరుతుంది. వంతెనకి కింద నేల వెచ్చదనం ఉండదు, పైనా కిందా గాలే. చలి దేశాల్లో రోడ్డు కన్నా ముందు వంతెన మీద ఐసు కట్టడానికి కారణం అదే. స్వర్ణముఖి మీద వంతెన దాటేటప్పుడు ఐసు భయం లేదు గానీ, ఆ ఇనుప పట్టీల మీద హ్యాండిల్ తిప్పకుండా నిటారుగా దాటడం మంచిది. సన్నటి తుంపరకి రోడ్డు మీద దుమ్ము, బండ్ల నుంచి కారిన ఆయిలు కలిసి జిగట అవుతుంది. పెద్ద వాన అయితే కడుక్కుపోతుంది. అందుకే గట్టి వాన కన్నా సన్న జల్లు మొదటి పావుగంట ఎక్కువ ప్రమాదం.

ఇంకొకటి ధనుర్మాసానికే ప్రత్యేకం. తెల్లవారుజామున వాకిట్లో కళ్ళాపి చల్లి ముగ్గు పెడతారు. వీధి ఇప్పుడు సిమెంటు రోడ్డు, నీళ్ళు ఇంకవు. ఆ తడి మీద మెత్తటి ముగ్గుపిండి పడి పల్చటి ముద్ద అవుతుంది. సందు మలుపులో ఒక ఇంటి ముందు ఇలా జరిగితే చక్రం ఎక్కడ జారిందో నేల మీద రాసినట్టు కనపడుతుంది: ముగ్గులోంచి బయల్దేరిన టైరు గీత తిన్నగా వచ్చి, ఒక్కసారి వెడల్పై, పక్కకి తిరిగిపోతుంది. తిన్నగా పోయేవాడికి ఏమీ కాదు. మలుపు తీసుకుంటూ తొక్కినవాడే పడతాడు. ముగ్గు తప్పించి పోతే వేసినావిడ సంతోషిస్తుంది, మీరూ పడరు.

పల్లెల్లోకి వెళ్తే ఇంకో రకం. సంక్రాంతి ముందూ వెనకా చిత్తూరు జిల్లా రోడ్ల మీద వడ్లు ఆరబోస్తారు, ఉలవ చెట్లు, రాగి వెన్నులు పరిచి వచ్చేపోయే బండ్లతో నూర్పిడి చేయిస్తారు. కళ్ళాలు కరువైన రైతుకి అది తప్పని పని. సైకిల్‌కి మాత్రం అది ఐసంత ప్రమాదం. రోడ్డుకీ టైరుకీ మధ్య దొర్లే గింజ ఉంటే రబ్బరు రోడ్డుని తాకనే తాకదు. పైన గడ్డి ఉండటంతో కింద గింజ ఎంత మందాన ఉందో కనపడదు. చైనుకి, ఇరుసుకి చుట్టుకోవడం అదనం. అక్కడ నేనైతే దిగి నడవమంటాను. ముప్ఫై అడుగుల దూరానికి ఎవరి పనీ ఆగిపోదు.

ముందు చక్రం, వెనక చక్రం రెండూ ఒకేలా జారవు. సైకిల్ నిలబడేదే ముందు చక్రం వల్ల. మనం ఏ పక్కకి ఒరిగితే ఆ పక్కకి దాన్ని కొద్దిగా తిప్పుతూ, మన బరువు కిందికి ఆధారాన్ని తెచ్చుకుంటూ పోతాం, తెలియకుండానే. వెనక చక్రం జారితే తోక ఊగినట్టు ఊగుతుంది, సర్దుకోవడానికి టైముంటుంది. ముందు చక్రం జారితే సర్దుకునే ఆ సాధనమే పోయింది, అర సెకనులో కింద ఉంటాం. పొడి రోడ్డు మీద త్వరగా ఆగాలంటే ముందు బ్రేకే బలమైనది, ఎందుకంటే ఆగేటప్పుడు బరువంతా ముందుకి వస్తుంది. కానీ తడి, ముగ్గు, గింజ, ఇసుక ఉన్న చోట ముందు బ్రేకుని మెత్తగా, వెనక బ్రేకుని ఎక్కువగా వాడాలి. అన్నిటికన్నా మేలు, మలుపు రాకముందే తిన్నగా ఉన్నప్పుడు వేగం తగ్గించేసి, మలుపులో బ్రేకు వదిలేసి, పెడల్ కూడా తొక్కకుండా తిరగడం. ఔలులో అయినా భాకరాపేట ఘాటులో అయినా పద్ధతి ఇదే.

పాత నల్ల సైకిళ్ళు వాడేవాళ్ళు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. వాటి ఇనుప రిమ్ములకి నున్నటి మెరుగు ఉంటుంది. తడిస్తే బ్రేకు రబ్బరు కట్ట ఆ నీటి పొర మీద జారుతుందే తప్ప పట్టదు. చక్రం కొన్ని చుట్లు తిరిగి నీళ్ళు తుడుచుకుపోయాక గానీ బ్రేకు అందదు. కాబట్టి ఆగాల్సిన చోటికి చాలా ముందే మెల్లగా బ్రేకు ఆనించి రిమ్ము తుడవాలి.

ఇప్పుడు గాలి సంగతి. తిరుపతి నుంచి చిత్తూరు పోయే దారిలో గాదంకి ఉంది. అక్కడి జాతీయ వాతావరణ పరిశోధనా ప్రయోగశాలలో ఎంఎస్‌టీ అనే రాడార్ పెట్టి కిలోమీటర్ల ఎత్తున వీచే గాలులని కొలుస్తారు. సైకిల్‌కి కావలసింది మాత్రం నేలకి మీటరున్నర ఎత్తులో ఉన్న గాలి. నేల రాపిడికి అది నెమ్మదిస్తుంది, చెట్లకీ గోడలకీ తగిలి ముక్కలవుతుంది. అందుకే మనకి తగిలేది ఒకే వేగంతో ఉండదు, దెబ్బలు దెబ్బలుగా వస్తుంది.

ఎదురుగాలి ఎందుకంత కష్టమో చాలామంది తక్కువ అంచనా వేస్తారు. గాలి నిరోధం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. గంటకి 20 కిలోమీటర్లు తొక్కుతుంటే ఎదురుగా మరో 20 వేగంతో గాలి వీచిందనుకోండి, మన ఒంటికి తగిలేది 40. నిరోధం రెట్టింపు కాదు, నాలుగు రెట్లు. నిటారుగా కూర్చుని తొక్కేవాళ్ళు గాలి కోసం ఖర్చు పెట్టేది 60 వాట్ల నుంచి 250 వాట్ల దాకా పోతుంది. అంత శక్తి మామూలు మనిషి ఎక్కువసేపు ఇవ్వలేడు. గాలితో పోటీ పడకుండా వేగం తగ్గించుకోవాలి.

ఎదురుగాలి అలసటే. పక్కగాలి పడేస్తుంది. గంటకి 40 కిలోమీటర్ల గాలి పక్కనుంచి తగిలితే ఐదారు కిలోల బరువు పెట్టి నెట్టినట్టే. వదులుగా ఎగిరే ప్లాస్టిక్ రెయిన్‌కోటు వేసుకుంటే ఇంకా ఎక్కువ. తెలియకుండానే మనం గాలి వచ్చే వైపు ఒరిగి తొక్కుతుంటాం. ఇప్పుడు అదే వైపు నుంచి లారీ దాటిందనుకోండి. మొదట దాని ముందు భాగం తోసుకొచ్చే గాలి మనల్ని రోడ్డు అంచుకి నెడుతుంది. మరుక్షణం లారీ పక్కన గాలే ఉండదు, మన ఒరుగుడు మాత్రం అలాగే ఉంటుంది. దాంతో లారీ వైపే తూలుతాం. అది దాటిపోగానే ఆగిపోయిన గాలి ఒక్కసారిగా మళ్ళీ కొడుతుంది. మొగిలి ఘాటులో లారీల పక్కన తొక్కేవాళ్ళకి ఈ మూడు దెబ్బలూ రెండు మూడు సెకన్లలో తగులుతాయి. వెనక లారీ చప్పుడు వినగానే మోచేతులు కొద్దిగా వంచి, హ్యాండిల్‌ని బిగపట్టకుండా, అంచుకి మరీ ఆనకుండా అటూ ఇటూ కాస్త చోటు ఉంచుకోవాలి. బిగపట్టిన చేతులు గాలి దెబ్బని నేరుగా చక్రానికి అందిస్తాయి.

ఈశాన్య రుతుపవనాల కాలంలో టీవీలో వినే మాటలకి లెక్కలున్నాయి. వాయుగుండం అంటే గాలి గంటకి 31 నుంచి 49 కిలోమీటర్లు, తీవ్ర వాయుగుండం 50 నుంచి 61, తుపాను 62 నుంచి 88. ఇవి సముద్రం మీద కేంద్రం చుట్టూ ఉండే వేగాలు, తిరుపతి దాకా వచ్చేసరికి తగ్గుతాయి. అయినా 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు ఈ జిల్లా ఎంత తడిసిందో చూశాం. తీవ్ర వాయుగుండం అన్న మాట వినపడితే ఆ రోజుకి సైకిల్ తీయకండి. పేపరు ఆలస్యమైతే చదివేవాళ్ళు ఓపిక పట్టాలి.

గాలి చలిని పెంచే లెక్క కూడా ఉంది. అంటార్కిటికాలో పాల్ సైపిల్, చార్లెస్ పాసెల్ అనే అమెరికా పరిశోధకులు నీళ్ళు గడ్డకట్టే వేగాన్ని కొలిచి దాన్ని మొదలుపెట్టారు. ఇప్పుడు వాడే సూత్రం 2001 నాటిది. దాని ప్రకారం మైనస్ 5 డిగ్రీల్లో 30 కిలోమీటర్ల గాలి తగిలితే ఒంటికి మైనస్ 13లా ఉంటుంది. ఆ సూత్రం పది డిగ్రీలకి పైన పనిచేయదు, కాబట్టి మనకి నేరుగా వర్తించదు. మనకి వర్తించేది తడి. ఒక గ్రాము నీరు ఆవిరవడానికి ఒంట్లోంచి దాదాపు 2,400 జౌళ్ళ వేడి లాక్కుంటుంది. తడి చొక్కాతో గాలికి ఎదురెళ్తే 18 డిగ్రీల్లో కూడా వేళ్ళు మొద్దుబారతాయి, బ్రేకు నొక్కడం ఆలస్యమవుతుంది. చవకైన చేతి తొడుగులు చాలు. ఛాతీకి అయితే యూరప్ రేసుల్లో కొండ దిగేటప్పుడు చొక్కా లోపల న్యూస్‌పేపరు పెట్టుకునే అలవాటు ఎప్పటినుంచో ఉంది. కాగితం గాలిని ఆపుతుంది. పేపర్ వేసే పిల్లలకి అది చేతిలోనే ఉంది.

ఇక పొగమంచు. 50 మీటర్ల దూరమే కనపడే మంచులో 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే డ్రైవరుకి మిమ్మల్ని చూశాక మిగిలేది మూడు సెకన్లు. భోగి నాడు మంటల పొగ కూడా కలిస్తే ఇంకా తక్కువ. వెనక ఎర్ర లైటు తప్పనిసరి. దానికన్నా చవకైనది, డబ్బు లేనివాళ్ళు కూడా చేసుకోగలిగేది ఇంకొకటి ఉంది. 1973లో స్వీడన్ శాస్త్రవేత్త గున్నార్ యోహాన్సన్ చీకట్లో మనుషుల కీళ్ళకి చిన్న చిన్న వెలుగు చుక్కలు పెట్టి చూపించాడు. కదలకుండా ఉంటే అవి ఏమిటో ఎవరికీ తెలియలేదు, కదలగానే అది మనిషి అని చూసేవాళ్ళు ఇట్టే గుర్తుపట్టారు. కాళ్ళ కదలికని మన కన్ను అంత బాగా పడుతుంది. కాబట్టి లారీలకి అంటించే రిఫ్లెక్టర్ టేపు కొంచెం కొనుక్కుని, క్యారియర్ వెనక ఒక ముక్క వేసి, మిగిలింది పెడళ్ళ వెనక అంచుకి, చెప్పుల మడమలకి అంటించండి. హెడ్‌లైటు పడగానే పైకీ కిందికీ కదిలే ఆ రెండు మెరుపులు డ్రైవరుకి ముందు సైకిల్ ఉందని చెబుతాయి. దుమ్ము పట్టితే టేపు మెరవదు, వారానికోసారి తడిగుడ్డతో తుడవాలి.