డియెగో గార్సియా: మనుషులు లేరని కాగితం మీద రాసుకుని కట్టిన స్థావరం

డియెగో గార్సియా మళ్లీ వార్తల్లోకెక్కింది. చాగోస్ దీవులపై సార్వభౌమత్వాన్ని మారిషస్‌కు అప్పగించే ఒప్పందం మీద బ్రిటన్ 2025 మే 22న సంతకం చేసింది. ఆ దీవుల్లో అమెరికా, బ్రిటన్‌ల నౌకాస్థావరం ఉన్న డియెగో గార్సియాను మాత్రం 99 ఏళ్ల లీజుకు తన దగ్గరే ఉంచుకుని, అందుకు సగటున ఏడాదికి 10.1 కోట్ల పౌండ్లు చెల్లించాలన్నది అందులోని షరతు. అప్పుడు ఈ ఒప్పందాన్ని అమెరికా స్వాగతించింది. 2026 జనవరిలో ట్రంప్ అదే ఒప్పందాన్ని పెద్ద తెలివితక్కువ పని అని తిట్టిపోశారు. అక్కణ్నుంచి టీవీ చర్చలన్నీ స్థావరం ఎవరి చేతిలో భద్రంగా ఉంటుందనే దాని చుట్టూనే తిరుగుతున్నాయి. చైనా వస్తుందా, అద్దె ఎక్కువైందా అని అడుగుతున్నారు తప్ప, అక్కడ పుట్టినవాళ్ల గురించి అడిగేవాళ్లు తక్కువ.

ఆ స్థావరం విలువ మీద ఎవరికీ అనుమానం లేదు. కన్యాకుమారికి సుమారు 1,800 కిలోమీటర్ల దూరంలో, హిందూ మహాసముద్రం నడిమధ్యన ఉంది. దీవి చుట్టూ పగడపు దిబ్బ, లోపల పెద్ద ఓడలు లంగరు వేసేంత లోతైన నీళ్లు. రన్‌వే పొడవు సుమారు 3.6 కిలోమీటర్లు. ఇంధనం, మందుగుండు, కమ్యూనికేషన్ పరికరాలు ఇక్కడ సిద్ధంగా ఉంటాయి. సైన్యానికి కావలసిన సరంజామాతో నిండిన ఓడలు మడుగులో ఎదురుచూస్తుంటాయి. 1990లో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించగానే సౌదీకి కదిలిన మెరీన్ల సామగ్రిలో కొంత ఇక్కడి ఓడల్లోనే వెళ్లింది. 1991లో ఇరాక్ మీదికీ, 2001లో అఫ్గానిస్థాన్ మీదికీ, 2003లో మళ్లీ ఇరాక్ మీదికీ బాంబర్లు ఇక్కణ్నుంచే ఎగిరాయి. ఈ ప్రాంతంలో అమెరికా ఏ యుద్ధం చేసినా ఈ దీవి మీద ఆనుకోక తప్పడం లేదు.

ఈ కథను చాలామంది 1965 నుంచి చెబుతారు. ఆ ఏడాది నవంబరు 8న బ్రిటన్ చాగోస్‌ను అప్పటికింకా తన వలసగా ఉన్న మారిషస్ నుంచి విడదీసి, 30 లక్షల పౌండ్లు చేతిలో పెట్టింది. దీవులు వదులుకోకపోతే స్వాతంత్ర్యం రాదేమోనన్న భయం మారిషస్ నేత రామ్‌గులాంలో కలిగించాలని ప్రధాని విల్సన్‌కు ఆయన కార్యదర్శి ముందుగానే నోట్ రాసిచ్చారు. ఇదంతా నిజమే. కానీ నా దృష్టిలో అసలు మలుపు మరుసటి ఏడాది, 1966లో, లండన్ ఆఫీసు ఫైళ్లలో వచ్చింది.

బ్రిటన్‌కు అప్పుడొక చిక్కు వచ్చిపడింది. దీవిలో స్థిరనివాసులు ఉంటే, ఐక్యరాజ్యసమితి చార్టర్ 73వ అధికరణం ప్రకారం వాళ్ల బాగోగుల గురించి సమితికి నివేదికలు ఇవ్వాలి. అప్పుడు వాళ్ల హక్కులూ, స్వపరిపాలనా చర్చకొస్తాయి. అమెరికాకు కావలసింది ఎవరూ ప్రశ్నించని దీవి. అందుకని అక్కడివాళ్లను మారిషస్, సీషెల్స్ నుంచి తాత్కాలికంగా పనికి వచ్చిన కాంట్రాక్టు కూలీలుగా లెక్కగట్టాలని నిర్ణయించారు. 1966 ఆగస్టులో విదేశాంగ శాఖలోని ఒక పెద్ద అధికారి, సముద్రపు కాకులు తప్ప స్థానిక జనాభా అంటూ ఉండదని రాశారు. కింద ఇంకో అధికారి, దురదృష్టవశాత్తూ పక్షులతో పాటు కొందరు టార్జాన్‌లు కూడా ఉన్నారని చేర్చారు. అదే ఏడాది డిసెంబరు 30న అమెరికాతో ఒప్పందం కుదిరింది. బయటికి అద్దె ఏమీ లేదన్నారు. తెరవెనక, బ్రిటన్ అమెరికా దగ్గర కొంటున్న పొలారిస్ క్షిపణుల ఖర్చులో 1.4 కోట్ల డాలర్ల రాయితీ ఇచ్చారు. ఆ సంగతి 1975లో గానీ బయటపడలేదు.

వాళ్లు నిజంగా కాంట్రాక్టు కూలీలా? ఫ్రెంచివాళ్ల కాలంలో బానిసలుగా తెచ్చినవాళ్ల సంతతి వాళ్లు. ఐదారు తరాలుగా అక్కడే పుట్టి, అక్కడి చర్చిలో పెళ్లిళ్లు చేసుకుని, చనిపోయాక అక్కడి శ్మశానంలోనే కలిసిపోయినవాళ్లు. మనవాళ్లనే తీసుకోండి. కోరంగి రేవు నుంచి చెరకు తోటల కోసం కూలి ఒప్పందం మీద మారిషస్ వెళ్లిన తెలుగువాళ్ల మునిమనవలు ఇవాళ ఆ దేశ పౌరులు. అక్కడ ఉగాదికి ప్రభుత్వ సెలవు కూడా ఉంది. మీ ముత్తాత కాంట్రాక్టు మీద వచ్చాడు కాబట్టి మీరు తాత్కాలికం అని వాళ్లతో ఎవరూ అనలేరు. చాగోస్ కొబ్బరి తోటల్లో పనిచేసిన నల్లవాళ్ల విషయంలో మాత్రం ఆ మాట చెల్లిపోయింది.

మరో పోలిక చూడండి. మొదట్లో స్థావరం కోసం సీషెల్స్ వైపున్న ఆల్డబ్రా దీవిని కూడా పరిశీలించారు. అక్కడి రాక్షస తాబేళ్లు దెబ్బతింటాయని శాస్త్రవేత్తలు గట్టిగా గొంతెత్తారు. బ్రిటన్ ఖజానా కష్టాలూ తోడై 1967లో ఆ ఆలోచన ఆగిపోయింది. చాగోస్ మనుషుల కోసం అలా గొంతెత్తినవాళ్లు లేకపోయారు.

తర్వాతిదంతా 1966 ఫైలు అమలే. వైద్యానికో, చుట్టాల్ని చూడడానికో మారిషస్ వెళ్లినవాళ్లను తిరుగు ఓడ ఎక్కనివ్వలేదు. 1971లో అమెరికా నిర్మాణ దళాలు దిగాయి. అనుమతి లేకుండా దీవిలో ఉండడం నేరమని చట్టం చేశారు. పెంపుడు కుక్కల్ని కొబ్బరి ఎండబెట్టే షెడ్డులోకి తోలి వాహనాల పొగతో చంపారు. అక్టోబరుకల్లా డియెగో గార్సియా ఖాళీ అయింది. 1973కల్లా చాగోస్‌లోనే ఉన్న పెరోస్ బాన్యోస్, సాలమన్ దీవులూ ఖాళీ అయ్యాయి. మొత్తం 1,500 నుంచి 2,000 మంది. మారిషస్ రాజధాని పోర్ట్ లూయీ మురికివాడల్లో పడ్డ ఆ కుటుంబాలకు 1972లో ఒప్పుకున్న ఆరున్నర లక్షల పౌండ్లు అందేసరికి 1977 దాటింది. 1982లో మరో 40 లక్షలు ఇచ్చారు. అప్పుడు తిరిగి వెళ్లే హక్కు వదులుకుంటున్నామని, తమకు రాని ఇంగ్లీషులో ఉన్న కాగితాల మీద చాలామంది వేలిముద్రలు వేశారు.

బ్రిటన్ వాదన క్లుప్తంగా ఇది: తరలింపు తప్పే, విచారం తెలిపాం, పరిహారం ఇచ్చాం, ఇక రక్షణ అవసరాలు ముఖ్యం. 2000లో లండన్ హైకోర్టు తరలింపు చట్టవిరుద్ధమంది. 2004లో పార్లమెంటు ముందుకు రాకుండా, రాణి పేరిట ఉత్తర్వులు తెచ్చి తిరుగుదారి మళ్లీ మూసేశారు. 2008లో, అప్పట్లో బ్రిటన్‌కు అత్యున్నత న్యాయస్థానంగా ఉన్న లార్డ్స్ సభ 3-2 తేడాతో ఆ ఉత్తర్వులనే నిలబెట్టింది. 2019లో అంతర్జాతీయ న్యాయస్థానం దీవుల విభజనే చెల్లదని సలహాపూర్వక అభిప్రాయమిచ్చింది. ఐరాస సర్వసభ్య సభలో 116 దేశాలు మారిషస్ వైపు నిలిచాయి, వాటిలో భారత్ ఒకటి. ఒకప్పుడు హిందూ మహాసముద్రం శాంతిమండలంగా ఉండాలని, ఈ స్థావరమే వద్దని పట్టుబట్టిన మన ప్రభుత్వం, అదే స్థావరాన్ని 99 ఏళ్లు కొనసాగించే ఒప్పందాన్ని 2025లో స్వాగతించింది.

ఆ చర్చల్లో రెండు ప్రభుత్వాలు కూర్చున్నాయి. చాగోస్‌వాసులకు కుర్చీ వేయలేదు. సంతకాల రోజు తెల్లవారుజామున, డియెగో గార్సియాలో పుట్టిన ఇద్దరు మహిళలు లండన్ హైకోర్టు నుంచి స్టే తెచ్చుకున్నారు. మధ్యాహ్నానికి స్టే ఎత్తేశారు, ఆ వెంటనే సంతకాలైపోయాయి. ఒప్పందంలో వాళ్ల కోసం 4 కోట్ల పౌండ్ల నిధి ఉంది. మిగతా దీవుల్లో జనాన్ని మళ్లీ స్థిరపరిచే వీలు మారిషస్‌కు ఉంది. డియెగో గార్సియాకు మాత్రం అది వర్తించదు. ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన కాంట్రాక్టు కార్మికులు మాత్రం అక్కడ ఉండి పనిచేసుకోవచ్చు.