వెళ్ళిన కారు వెనక్కి ఎందుకు రావాలి?

చిరంజీవులైన పిల్లలకు,

ఆశీస్సులు. సెలవులకు వచ్చిన మా మనవరాలు ఫోనులో ఒక వీడియో చూస్తూ నన్ను అడిగింది: "తాతయ్యా, కారు అంత వేగంగా వెళ్ళిపోయింది కదా, ఇంక రికార్డు వచ్చేసినట్టే కదా. మళ్ళీ వెనక్కి తిప్పి ఎందుకు పరుగెత్తిస్తున్నారు?" నాలుగో తరగతి పిల్ల అడగవలసిన ప్రశ్నే ఇది. పెద్దవాళ్ళమైతే ఎంత వేగం పోయిందో తెలుసుకుని అక్కడితో ఊరుకుంటాం. తనకు చెప్పిన జవాబును మీ అందరికీ కాస్త వివరంగా రాస్తున్నాను.

వీడియోలో ఉన్నది థ్రస్ట్ ఎస్‌ఎస్‌సి అనే నల్లని కారు. అమెరికాలోని నెవాడా రాష్ట్రంలో బ్లాక్ రాక్ ఎడారి ఉంది. 1997 అక్టోబరులో అక్కడ ఆ కారును నడిపినవాడు ఆండీ గ్రీన్, బ్రిటిష్ వైమానిక దళంలో పైలట్. నేల మీద వేగం రికార్డుకు ఒక నియమం ఉంది. కొలిచి గుర్తు పెట్టిన మైలు దూరాన్నో కిలోమీటరు దూరాన్నో కారు పూర్తి వేగంతో దాటాలి. తర్వాత ఆగి, వెనక్కి తిరిగి, గంట లోపల అదే దూరాన్ని ఎదురు దిశలో మళ్ళీ దాటాలి. రెండు పరుగులూ కలిపి సగటు కడతారు. పోవడం ఎంత గొప్పగా పోయినా, తిరిగి రాకపోతే రికార్డు లేదు.

ఎందుకలా అంటే, కాలువ సంగతి చెప్పాలి.

మా చిన్నప్పుడు ఊరికీ బడికీ మధ్య పంటకాలువ ఉండేది. ఎండాకాలం కట్టేసిన కాలువకు తొలకరికి నీళ్ళు వదిలేవారు. ఆ కబురు వస్తే చాలు, పిల్లలందరం గట్టు మీదే ఉండేవాళ్ళం. మొదట ఎండుటాకులు, నురగ, చెత్త కొట్టుకొచ్చేవి. వెనక ఎర్రనీళ్ళు, నాలుగు రోజులకు తేటనీళ్ళు. అప్పట్లో పడవలు కూడా నడిచేవి. ఎదురు వెళ్ళే పడవకు తాడు కట్టి, మనుషులు గట్టు వెంట వంగి నడుస్తూ లాగేవారు. అదే పడవ కిందికి వచ్చేటప్పుడు సరంగు చుక్కాని పట్టుకుని పాడుకుంటూ కూర్చునేవాడు. నీళ్ళు నడుం లోతుకు తగ్గాక మేము రేవు దగ్గర దిగి తూము దాకా పందెం వేసుకునేవాళ్ళం. వాలులో పడితే ఎవరికైనా కాళ్ళు తేలిపోతాయి, ప్రవాహమే తోసుకుపోతుంది. ఒకసారి మాలో ఒకడు అందరికన్నా ముందు తూము చేరి, తనంత వేగం ఎవరికీ లేదని కేకలు పెట్టాడు. గట్టు మీద గేదెలు కాసుకుంటున్న పెద్దాయన ఒకే మాట అన్నాడు: "సరేలేరా, ఇప్పుడు ఎదురు రా, చూస్తాను." ఆ పెద్దాయన ఏ బడికీ వెళ్ళలేదు, ఏ రికార్డు పుస్తకమూ చూడలేదు. అయినా ప్రపంచ నియమం ఆయన నోటి వెంటే వచ్చింది.

గాలి కూడా అలాంటి కాలువే. మనం దాని అడుగున నడుస్తున్నాం, అంతే. కారు వెనక నుంచి గాలి వీస్తే అది వాలు, ముందు నుంచి వీస్తే ఎదురు. నేల ఒక పక్కకు కాస్త వాలి ఉన్నా అంతే. రెండు వైపులా పరుగెత్తితే గాలి పెట్టిన అప్పును గాలికే తిరిగి కట్టినట్టవుతుంది. ఈ నియమం ప్రకారం మొదటి రికార్డు సాధించినవాడు బ్రిటిష్ డ్రైవర్ హార్న్‌స్టెడ్. 1914లో ఇంగ్లండులోని బ్రూక్‌లాండ్స్ ట్రాక్ మీద గంటకు దాదాపు 200 కిలోమీటర్ల సగటు వచ్చింది.

కాలువను ఇంకాసేపు వదలకండి. నడుం లోతు నీళ్ళలో మెల్లగా నడిస్తే నీరు దారి ఇస్తుంది. పరుగెత్తబోతే పట్టి ఆపేస్తుంది. గాలిదీ అదే స్వభావం. వేగం రెండింతలు చేస్తే గాలి నాలుగింతలు వెనక్కి తోస్తుంది. ఆ వేగంతోనే సాగాలంటే ఇంజను బలం ఎనిమిదింతలు కావాలి. అందుకే మామూలు కారు ఇంజన్లు చాలక, ఈ బ్రిటిష్ వాళ్ళు విమానాల ఇంజన్లు తెచ్చి కార్లలో బిగించారు. కారు ముక్కును నున్నగా, తోకను సన్నగా చేశారు. నీళ్ళలో చేప ఏ ఆకారంలో ఉందో, ఈ కార్లూ చివరికి ఆ ఆకారానికే వచ్చాయి.

తర్వాత ఎక్కడ పరుగెత్తాలన్న ప్రశ్న వచ్చింది. ట్రాక్ చాల్లేదు. వేల్స్ దేశంలో పెండైన్ అనే సముద్రతీరం ఉంది, ఆటు వచ్చినప్పుడు మైళ్ళ పొడవున తడి ఇసుక గట్టిగా పరుచుకుంటుంది. అక్కడ ఇద్దరు పోటీ పడ్డారు. ఒకరు వేల్స్‌లో పుట్టిన ఇంజనీరు ప్యారీ థామస్, రెండోవారు మాల్కం క్యాంప్‌బెల్. 1926లో థామస్ 'బాబ్స్' అనే కారులో గంటకు 275 కిలోమీటర్లు చేరాడు. 1927 ఫిబ్రవరిలో క్యాంప్‌బెల్ అదే ఇసుక మీద 281 దాటాడు. దాన్ని తిరిగి తెచ్చుకోవాలని థామస్ మార్చి 3న మళ్ళీ వచ్చాడు. ఆ పరుగులో కారు అదుపు తప్పి ఆయన చనిపోయాడు. బాబ్స్‌ను అక్కడే ఇసుకలో పాతిపెట్టారు. నలభై ఏళ్ళు దాటాక, 1969లో తవ్వి తీసి మళ్ళీ నడిచేలా చేశారు. పిల్లలూ, ఈ కథలో గెలిచినవాళ్ళ పేర్లే వినిపిస్తాయి. థామస్ లాంటివాళ్ళ పేర్లు కూడా మీరు గుర్తుపెట్టుకోవాలని నా కోరిక.

థామస్ పోయిన ఆ 1927 మార్చి నెలాఖరునే హెన్రీ సీగ్రేవ్ అమెరికాలోని డేటోనా తీరంలో గంటకు 200 మైళ్ళు, అంటే 320 కిలోమీటర్లకు పైమాట, దాటిన మొదటి మనిషి అయ్యాడు. ఆ ప్రయత్నంలో బ్రేకులు కరిగిపోతే, కారును సముద్రం అంచున లోతు తక్కువ నీళ్ళలోకి తిప్పి వేగం తగ్గించాడట. బ్రేకులు ఆపలేని కారును నీళ్ళు పట్టి ఆపాయి. నేను కాలువను ఎందుకు పట్టుకు వేలాడుతున్నానో ఇప్పుడు అర్థమైందా!

ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైనది 1935 సెప్టెంబరు 3. అమెరికాలోని యూటా రాష్ట్రంలో బోన్‌విల్ అనే చోట ఎండిపోయిన ఉప్పు సరస్సు ఉంది, కనుచూపు మేర తెల్లని ఉప్పే. యాభై ఏళ్ళ మాల్కం క్యాంప్‌బెల్ 'బ్లూ బర్డ్' కారుతో అక్కడికి వచ్చాడు. గంటకు 300 మైళ్ళు దాటాలన్నది పట్టుదల. మొదటి పరుగులోనే, ఆ వేగంలో ఉండగానే, ముందు టైరు పేలిపోయింది. ఎలాగో కారును నిలబెట్టాడు. ఇక చాలు, ప్రాణం దక్కింది అని ఎవరైనా దిగిపోతారు. కానీ గడియారం నడుస్తోంది, గంట లోపల తిరిగి పరుగెత్తకపోతే ఆ మొదటి పరుగు లెక్కకు రాదు. మెకానిక్కులు ఎండలో, ఉప్పు మీద, చక్రాలు మార్చారు. ఆయన మళ్ళీ అందులోనే కూర్చుని, టైరు పేలిన దారినే వెనక్కి వచ్చాడు. మొదట ప్రకటించిన సగటు 299.875 మైళ్ళు. 300కి వెంట్రుకవాసి తక్కువ! తర్వాత లెక్కలో తప్పు దొరికింది, సరిచేస్తే 301.129 అని తేలింది. ఆయనకు కిరీటం పెట్టిన ఆ గంటలో సగం మెకానిక్కులది. వాళ్ళ పేర్లు ఏ పతకం మీదా లేవు. ఎవరైనా పెద్ద పని చేశారని వింటే, చక్రాలు మార్చింది ఎవరు అని కూడా అడగండి.

1938లో అదే ఉప్పు మీద జార్జ్ ఈస్టన్, జాన్ కాబ్ అనే ఇద్దరు బ్రిటిష్ డ్రైవర్లు ఒకరి రికార్డు ఒకరు దాటుకున్నారు. సెప్టెంబరు 15న కాబ్ గెలిస్తే, 16న ఈస్టన్ తిరిగి గెలిచాడు. ఈస్టన్ కారు 'థండర్‌బోల్ట్' ఏడు టన్నుల బరువు, ఎనిమిది చక్రాలు. దాని వెండిరంగు ఒళ్ళు తెల్లని ఉప్పులో కలిసిపోయి, వేగం కొలిచే యంత్రం కంటికి ఆనలేదట. పక్కలకు నల్లరంగు పూస్తే అప్పుడు కనిపించింది.

జాన్ కాబ్ దగ్గర ఆగి ఒక లెక్క చేద్దాం, కాగితం తెచ్చుకోండి. 1947లో ఆయన ఒక వైపు గంటకు 620.6 కిలోమీటర్లు, తిరిగి వస్తూ 648.8 కిలోమీటర్లు పరుగెత్తాడు. రెండూ కూడి సగం చేయండి. 634.7 వస్తుంది. కానీ ఆయన రికార్డు 634.4. మిగిలిన కొంచెం ఏమైంది? వాళ్ళు వేగాలను కూడలేదు, పట్టిన సమయాలను కూడారు. మళ్ళీ కాలువలోకి రండి. ఎదురు నడిచేటప్పుడు మెల్లగా నడుస్తాం కాబట్టి ఎక్కువ సేపు ఎదురులోనే ఉంటాం. వాలులో ఇట్టే వచ్చేస్తాం, అంటే వాలు సుఖం తక్కువ సేపే. అందుకే ప్రవాహం పోయేటప్పుడు ఇచ్చినదానికన్నా వచ్చేటప్పుడు కొంచెం ఎక్కువే తీసుకుంటుంది. పడవ లాగేవాళ్ళకు ఈ సంగతి భుజాలకు తెలుసు.

మాల్కం కొడుకు డొనాల్డ్ క్యాంప్‌బెల్ 1964లో ఆస్ట్రేలియాలోని లేక్ ఐర్ అనే ఉప్పునేల మీద గంటకు 403.1 మైళ్ళు, అంటే సుమారు 649 కిలోమీటర్లు సాధించాడు. రెండు వైపులా అంకె ఒక్కటే వచ్చింది! అదే సంవత్సరం చివరి రోజున పడవతో నీటి వేగం రికార్డు కూడా తీసుకున్నాడు. ఒకే ఏడాదిలో ఆ రెండూ చేసిన మనిషి ఆయనొక్కడే. కానీ 1967 జనవరి 4న ఇంగ్లండులోని కానిస్టన్ సరస్సు మీద ఒక వైపు పరుగు ముగించి, ఆగకుండా వెంటనే తిరుగు పరుగు మొదలుపెట్టాడు. పడవ గాలిలోకి లేచి పల్టీ కొట్టింది. జాన్ కాబ్ కూడా 1952లో స్కాట్లండులో నీటి మీదే చనిపోయాడు. సీగ్రేవ్ 1930లో అంతే. వీళ్ళ ధైర్యానికి నేను దణ్ణం పెడతాను. అయితే ఒక మాట వినండి. వీళ్ళు మనుషులు లేని చోటు వెతుక్కుంటూ సముద్రాలు దాటి వెళ్ళారు. బడి ముందు రోడ్డు మీద బైకు ఎగరేసేవాడు వీళ్ళ కోవలోకి రాడు.

ఇప్పుడు మన నల్లకారు. 1983లో రిచర్డ్ నోబుల్ జెట్ ఇంజను పెట్టిన 'థ్రస్ట్ 2'లో గంటకు 1,019 కిలోమీటర్లు చేరాడు. తర్వాత ఆయనే మనుషులను కూడగట్టి థ్రస్ట్ ఎస్‌ఎస్‌సి కట్టించి, నడపడం ఆండీ గ్రీన్‌కు అప్పగించాడు. రెండు జెట్ ఇంజన్లు, పది టన్నుల బరువు. ఏ టైరూ ఆ వేగానికి నిలవదు కాబట్టి చక్రాలు అల్యూమినియంవి. మలుపు తిప్పేది వెనక చక్రాలతో. అక్టోబరు 13న పోవడంలోనూ, రావడంలోనూ ధ్వని వేగాన్ని దాటాడు. అయినా రికార్డు రాలేదు. ఎందుకో మీరే చెప్పగలరు: గంట దాటిపోయింది, అదీ కొద్దిలో. ఎవరూ గొడవ పడలేదు. 15న మళ్ళీ పరుగెత్తి, గంట లోపల తిరిగి వచ్చి, 1,228 కిలోమీటర్లు సాధించారు. ఈ ఉత్తరం రాసే నాటికి దాన్ని ఎవరూ దాటలేదు.

ధ్వని వేగాన్ని దాటితే ఏమవుతుంది? నీళ్ళలో కదిలితే ముందుకు అలలు పోతాయి, మనం వస్తున్నామని నీటికి కబురు చెబుతూ. గాలిలో ఆ కబురే శబ్దం. ఆ అలల కన్నా వేగంగా మనమే పోతే, ముందున్న గాలికి కబురు అందదు. అలలన్నీ ఒకదాని మీద ఒకటి పడి ఒకే పెద్ద అల అవుతుంది. అది చెవిని తాకినప్పుడు పిడుగు పడ్డట్టు మోత. దగ్గర్లోని గెర్లాక్ ఊరివాళ్ళు ఆ మోత విన్నారు. ఆకాశం నుంచి తీసిన ఒక ఫొటోలో ఆ అల కారు పక్క నుంచి గీతలా సాగడం కంటికి కనిపిస్తుంది. నీటికి, గాలికి తేడా ఇక్కడ మొదలవుతుంది, ఎందుకంటే గాలి నొక్కుకుపోతుంది, నీరు అలా నొక్కుకుపోదు. కారు అడుగుకూ నేలకూ మధ్య ఇరుక్కున్న గాలి ఏమేం చేస్తుందో చెప్పాలంటే ఈ కాలువ చాలదు. పెద్ద తరగతుల్లో చదువుకుందురుగాని. ముందు ఆ ఫొటో చూడండి. గాలి మీద గీత! ఎన్నిసార్లు చూసినా నాకు ఆశ్చర్యం తీరదు.

ఇంకో పని చేయండి. ఆషాఢం గాలులు మొదలయ్యాక, గాలి బాగా వీచే సాయంత్రం బడి మైదానానికి సైకిలు తీసుకెళ్ళండి. రోడ్డు మీద వద్దు. గాలి వీచే దిక్కున వంద మీటర్లు కొలిచి రెండు కర్రలు పాతండి. మొదటి కర్ర ముందు నుంచే వేగం అందుకోండి. కర్ర నుంచి కర్రకు పట్టిన సమయాన్ని ఒకరు ఫోనులో చూడాలి, ఒకరు రాయాలి. వాలుకు ఒకసారి, ఎదురుకు ఒకసారి, ఒకే బలంతో తొక్కండి. వేగాలను కూడి ఒక సగటు, సమయాలను కూడి ఇంకో సగటు కట్టండి. రెండూ కాగితం మీద రాసి, తొక్కినవాళ్ళ పేరుతో పాటు సమయం చూసినవాళ్ళ పేరు, కర్రలు పాతినవాళ్ళ పేరు కూడా రాసి నాకు పంపండి.

ఇట్లు,
మీ తాతయ్య