బిళ్ళగన్నేరు ఆకు వేరు, మందు వేరు

కడపలో ఫార్మసీ విద్యార్థులకు ఔషధ మొక్కల పాఠాలు చెబుతాను. అందుకే ఊళ్లో ఎవరింట్లో క్యాన్సర్ అని తేలినా నాకో ఫోన్ వస్తుంది. ఆమధ్య ప్రొద్దుటూరు నుంచి ఒకబ్బాయి కూల్‌డ్రింక్ సీసా నిండా పచ్చటి బిళ్ళగన్నేరు ఆకు రసం పట్టుకొచ్చాడు. పైన నురగ. "సార్, మా నాయినకు నాలుగు దినాల నుంచి ఇస్తాండాం. రేపు కీమో ఉంది, ఇది ఆపాల్నా?"

అపోహ: బిళ్ళగన్నేరులో క్యాన్సర్ మందు ఉంది, రసం తాగితే చాలు.

మొదటి మాట నిజమే. పిల్లల లుకేమియాకు, అంటే తెల్లరక్తకణాల క్యాన్సర్‌కు వాడే విన్‌క్రిస్టిన్ మన గోడల పక్కన పూసే ఈ మొక్కదే. 1950లలో కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ అనే పరిశోధకులు ఈ ఆకు షుగర్‌కు పనికొస్తుందేమోనని చూశారు. ఎలుకలకు తాగిస్తే షుగర్ తగ్గలేదు. ఇంజెక్షన్‌గా ఇస్తే మాత్రం తెల్లరక్తకణాలు పడిపోయాయి. అక్కడ దొరికింది దారి. ఈ మొక్కలో వందకు పైగా ఆల్కలాయిడ్లు, అంటే ఒంటి మీద గట్టిగా పనిచేసే రసాయనాలు ఉన్నాయి. టన్ను ఎండాకు వడగడితే విన్‌క్రిస్టిన్ గ్రాముల్లోనే వస్తుంది. దాన్ని రక్తనాళంలోకే ఎక్కిస్తారు, ఒక్క డోసు సాధారణంగా 2 మిల్లీగ్రాములు దాటనివ్వరు. సీసాలోని రసంలో అది ఎంతుందో, మిగతావి ఎంతున్నాయో ఎవరు చెప్పగలరు?

అపోహ: పసుపు క్యాన్సర్ కణాలను చంపుతుందని ల్యాబులో తేలిపోయింది.

మైదుకూరు పసుపంటే నాకూ ఇష్టమే, కూరలో. ల్యాబులో మేం ప్లేటులోని కణాలకు పసుపురంగు ఎంటీటీ ద్రావణం వేస్తాం. బతికున్న కణాలు దాన్ని ఊదారంగుకు మారుస్తాయి. చిక్కేమిటంటే, కొన్ని మొక్కల పదార్థాలు కణాల్లేకపోయినా ఆ రంగు మార్చేస్తాయి. పసుపులోని అసలు పదార్థం కర్క్యుమిన్‌కైతే సొంత రంగే ఉంది. ప్లేటులో కణాలు వేయని గుంటను కూడా పక్కన పెట్టి పోల్చి చూడకపోతే మనల్ని మనమే మోసం చేసుకున్నట్టు. ఇక మనిషి సంగతి. పాంక్రియాస్ క్యాన్సర్ రోగులకు రోజుకు 8 గ్రాముల కర్క్యుమిన్ ఇచ్చి చూస్తే రక్తంలో నానోగ్రాముల్లోనే (గ్రాములో వందకోట్లో వంతు) కనిపించింది. పసుపులో కర్క్యుమిన్ నూటికి మూడు పాళ్లనుకుంటే, ఆ 8 గ్రాములకు పావుకిలోకు పైగా పసుపు మింగాలి!

లక్ష్మణఫలం కీమో కంటే పదివేల రెట్లు బలమైనదన్న వాట్సాప్ మెసేజ్ కూడా అంతే. ప్లేటులోని కణాల మీద వచ్చిన అంకె అది, రోగి మీద కాదు.

అపోహ: మొక్కల మందుకు సైడ్ ఎఫెక్టులు ఉండవు.

ఇదొక్కటి వింటే నాకు నిజంగా కోపమొస్తుంది. కణం రెండుగా చీలడానికి లోపల సన్నని గొట్టాల్లాంటి పోగులు కావాలి. విన్‌క్రిస్టిన్ వాటిని కట్టుకోనివ్వదు. పసిఫిక్ యూ చెట్టు బెరడులో దొరికిన పాక్లిటాక్సెల్ అనే క్యాన్సర్ మందు వాటిని విడిపోనివ్వదు. మన నరాలకూ అవే పోగులు కావాలి కాబట్టి వేళ్లు తిమ్మిరెక్కుతాయి, చొక్కా గుండీ పెట్టుకోవడమే కష్టమయ్యేవాళ్లున్నారు.

ఆ అబ్బాయితో రసం ఆపమన్నాను. సీసా పారబోయకుండా తీసుకెళ్లి, ఏది ఎన్నాళ్లు తాగించారో కీమో ఎక్కించకముందే డాక్టరుకు చెప్పమన్నాను. తిడతాడేమో సార్ అన్నాడు. తిట్టనీలే, ముందు చెప్పు అన్నాను.