మోడెమ్ కాని మోడెమ్

నెట్ ఆగిపోతే ఇంట్లో ముందు వినిపించే మాట ఒకటే: "ఆ మోడెమ్ ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చెయ్యి." దీపాలు మిణుకుమిణుకుమంటూ ఉండే ఆ పెట్టెలో నిజానికి మోడెమ్ ఒక భాగం మాత్రమే. లోపలికి వచ్చేది ఫైబర్ అయితే పాత అర్థంలో మోడెమ్ అసలు ఉండదు. కాంతిని విద్యుత్ సిగ్నల్‌గా, సిగ్నల్‌ని తిరిగి కాంతిగా మార్చే ఓఎన్‌టీ ఉంటుంది. అయినా పాత పేరు పోలేదు. ఈ రంగంలో చాలా మాటలు ఇలాంటివే: వస్తువు మారిపోయినా పేరు మిగిలిపోతుంది. వాటిలో ఎక్కువ భాగం మనిషి గొంతు మోయడానికి వేసిన రాగి తీగ దగ్గర మొదలయ్యాయి.

పాత ఫోన్‌కి ఎక్స్ఛేంజ్ నుంచి వచ్చే రెండు తీగల జతను లోకల్ లూప్ అంటారు. ఎక్స్ఛేంజ్ ఆ జత మీద ఎప్పుడూ సుమారు 48 వోల్టుల డీసీ ఉంచుతుంది. రిసీవర్ ఎత్తగానే లూప్ పూర్తయి కరెంటు పారుతుంది. అది చూసి ఎక్స్ఛేంజ్ డయల్ టోన్ వినిపిస్తుంది. ఇంట్లో కరెంటు పోయినా ఆ ఫోన్ పనిచేసేది ఇందుకే: దానికి కావలసిన కరెంటు అవతలి నుంచే వచ్చేది. ఇక ఎక్స్ఛేంజ్‌నీ ఎక్స్ఛేంజ్‌నీ కలిపే లైన్లు ట్రంకులు. ఒక ఆఫీసు తనకోసం పెట్టుకునే చిన్న ఎక్స్ఛేంజ్ పీబీఎక్స్.

ఫోన్ వ్యవస్థ 300 నుంచి 3400 హెర్ట్జ్ మధ్య ధ్వనులను మాత్రమే దాటనిచ్చేది. మాట అర్థం కావడానికి అంత చాలు. కానీ కంప్యూటర్‌కి గొంతు లేదు, దానికి తెలిసినవి సున్నా, ఒకటి. వాటిని ఆ హద్దుల్లో ఇమిడే కూతలుగా మార్చడం మాడ్యులేషన్, అవతల ఆ కూతల్లోంచి మళ్లీ సున్నాలు, ఒకట్లు తీయడం డీమాడ్యులేషన్. రెండు మాటల ముక్కలూ అతికితే మోడెమ్. 1962లో వచ్చిన బెల్ 103 మోడెమ్‌లో ఫోన్ చేసిన వైపు సున్నాకి 1070 హెర్ట్జ్, ఒకటికి 1270 హెర్ట్జ్ పలికేది. జవాబిచ్చే వైపు 2025, 2225 వాడేది. అందుకే ఇద్దరూ ఒకేసారి మాట్లాడినా గొడవ లేదు. డయలప్ రోజుల్లో నెట్‌కి కనెక్ట్ అయ్యేటప్పుడు కీచుమని వినిపించిన రొద కూడా ఇలాంటి సంభాషణే: రెండు మోడెమ్‌లు లైన్ ఎంత బాగుందో చూసుకుని, ఏ వేగంతో మాట్లాడుకోవాలో బేరమాడుకునేవి.

ఇక్కడే బాడ్, బిట్ అనే తికమక పుట్టింది. ఒక్కో సున్నా లేదా ఒకటి ఒక బిట్. తీగ మీద సిగ్నల్ సెకనుకు ఎన్నిసార్లు మారుతుందో చెప్పేది బాడ్ (ఫ్రెంచ్ టెలిగ్రాఫ్ ఇంజినీరు ఎమీల్ బోడో పేరు మీద). బెల్ 103లో ఒక మార్పుకి ఒక బిట్, కాబట్టి 300 బాడ్ అన్నా సెకనుకు 300 బిట్లు అన్నా ఒకటే. జనం రెండూ కలిపేసి వాడారు. తర్వాత లెక్క మారింది. చేత్తో రెండే సైగలు చేయగలిగితే ఒక సైగలో ఒక బిట్ చెప్పొచ్చు. పదహారు రకాల సైగలు నేర్చుకుంటే ఒక్కో సైగలో నాలుగు బిట్లు చెప్పొచ్చు. అలా వి.32 మోడెమ్ 2400 బాడ్‌తోనే సెకనుకు 9600 బిట్లు పంపింది. చెయ్యి ఊపే వేగం పెరగలేదు, సైగలే పెరిగాయి.

బిట్‌కీ బైట్‌కీ మధ్య తికమక ఇంకా తీరలేదు. 100 ఎంబీపీఎస్ కనెక్షన్‌లో డౌన్‌లోడ్ 12 దగ్గర కనిపిస్తే మోసపోయామనుకుంటాం. మొదటిది మెగాబిట్లు, రెండోది మెగాబైట్లు. ఒక బైట్ అంటే 8 బిట్లు, కాబట్టి 8తో భాగిస్తే కోపం తగ్గుతుంది.

మోడెమ్‌ని కంప్యూటర్‌కి కలిపే ఆర్‌ఎస్-232 కేబుల్‌కీ ఒక తమాషా ఉంది. డేటా పుట్టే, చేరే పరికరం (ఇక్కడ కంప్యూటర్) డీటీఈ, దాన్ని లైన్ మీదికి ఎక్కించేది (ఇక్కడ మోడెమ్) డీసీఈ. 25 పిన్నుల కనెక్టర్‌లో డీటీఈ 2వ పిన్ను మీద మాట్లాడి 3వ పిన్ను మీద వింటుంది, డీసీఈ సరిగ్గా తిరగేసి. రెండు కంప్యూటర్లను మామూలు కేబుల్‌తో కలిపితే ఇద్దరూ ఒకే తీగ మీద మాట్లాడతారు, వినే తీగ మీద అంతా నిశ్శబ్దం. ఆ రెండు తీగలనూ అడ్డంగా మార్చిన కేబుల్ పేరు నల్ మోడెమ్. మోడెమ్ లేని చోట కూడా దాని పేరే!

తర్వాత ఎక్స్ఛేంజ్‌లే డిజిటల్ అయ్యాయి. గొంతును సెకనుకు 8000 సార్లు కొలిచి, ఒక్కో కొలతని 8 బిట్లలో రాస్తే సెకనుకు 64,000 బిట్లు. ఇలాంటి 32 వరసలను మల్టీప్లెక్సర్ ఒకే తీగ మీద వంతులవారీగా పంపితే 2.048 ఎంబీపీఎస్. దీనినే ఈ1 లైన్ అంటారు. అందులో 30 వరసలు మాటలకి, మిగతా రెండూ వ్యవస్థ తన పనికి ఉంచుకుంటుంది.

మళ్లీ మన పెట్టె దగ్గరికి వద్దాం. వెనక వరసగా ఉండే ఈథర్‌నెట్ సాకెట్లు స్విచ్. వచ్చిన డేటా మూటని ఇంట్లోనే ఏ పరికరానికి ఇవ్వాలో అది చూస్తుంది. పాత హబ్ అయితే విన్నదంతా అందరికీ అరిచి చెప్పేది. యాంటెన్నాలు ఉన్నది వైఫై యాక్సెస్ పాయింట్. ఇంటి నెట్‌వర్క్‌కీ బయటి నెట్‌వర్క్‌కీ మధ్య దారి చూపేది రౌటర్. వైఫై మీద ఫోన్ నుంచి ప్రింటర్‌కి పంపిన కాగితం వచ్చి, వీడియో మాత్రం తిరుగుతూ ఉండిపోతే యాక్సెస్ పాయింట్ బాగానే ఉన్నట్టు. తేడా రౌటర్‌లోనో, దాని అవతలో ఉంది.