బీమ్ ఎక్కడ ఎక్కువ కుంగుతుంది? స్లోప్, డిఫ్లెక్షన్ లెక్కల్లో అపోహలు - వాస్తవాలు

డిజైన్ లెక్కలు సరిచూడటం నా పని. ఫార్ములానే తప్పు రాసేవాళ్లు నాకు పెద్దగా తగల్లేదు. ఫార్ములా బాగానే ఉంటుంది, దాన్ని ఎక్కడ వాడాలన్న నమ్మకం దగ్గరే తేడా కొడుతుంది.

లోడ్ పడ్డప్పుడు బీమ్ (దూలం) ఒక చోట ఎంత కిందికి దిగిందో అది డిఫ్లెక్షన్, ఆ చోట ఎంత వాలిందో అది స్లోప్. ఉదాహరణకు ఒక బీమ్ పెట్టుకుందాం. స్పాన్ (సపోర్టుల మధ్య దూరం) 6 మీటర్లు, సింప్లీ సపోర్టెడ్ (రెండు చివర్లూ ఆనించి ఉంటాయి, తిరగగలవు), స్పాన్ అంతటా మీటరుకు 10 కిలోన్యూటన్ల యూడీఎల్ (సమానంగా పరుచుకున్న లోడ్). స్టీల్ కాబట్టి ‘ఈ’ (సాగడాన్ని, వంగడాన్ని పదార్థం ఎంత ఎదిరిస్తుందో చెప్పే విలువ) 200 గిగాపాస్కల్. ‘ఐ’ (సెక్షన్, అంటే అడ్డకోత ఆకారం వంపును ఎంత ఎదిరిస్తుందో చెప్పే విలువ) 10 కోట్ల మి.మీ. నాలుగో ఘాతం. రెండూ గుణిస్తే ‘ఈఐ’ 20,000 కిలోన్యూటన్ చదరపు మీటర్లు. యూనిట్లన్నీ కిలోన్యూటన్, మీటర్లలోకి తెచ్చుకున్నాకే లెక్క మొదలుపెట్టండి. సగం గొడవలు అక్కడే తీరిపోతాయి.

అపోహ: బెండింగ్ మూమెంట్ ఎక్కడ ఎక్కువో డిఫ్లెక్షన్ కూడా అక్కడే ఎక్కువ

బెండింగ్ మూమెంట్ అంటే లోడ్ వల్ల బీమ్‌లో ఒక చోట పుట్టే వంచే ప్రభావం. కాంటిలీవర్‌ను (ఒక చివర బిగించి, రెండో చివర గాల్లో వదిలేసిన బీమ్‌ను) చూస్తే ఇది నిలవదు. మూమెంట్ గరిష్ఠంగా ఉండేది ఫిక్స్ చేసిన చివర. అక్కడ స్లోప్ సున్నా, డిఫ్లెక్షన్ సున్నా. కొన దగ్గర మూమెంట్ ఉండదు, కానీ అన్నిటికన్నా ఎక్కువ కిందికి దిగేది ఆ కొనే.

మూమెంట్‌ను ఈఐతో భాగిస్తే వచ్చేది ఆ చోట బీమ్‌కు ఉన్న వక్రత మాత్రమే. ఆ వక్రతను పొడవునా కూడుకుంటూ పోతే స్లోప్ వస్తుంది, స్లోప్‌ను కూడుకుంటూ పోతే డిఫ్లెక్షన్. రెండుసార్లు ఇంటిగ్రేషన్ అని మనం చేసేది ఈ కూడికే. అంటే ఒక చోటి డిఫ్లెక్షన్‌లో బీమ్ మొత్తానికీ, సపోర్టులకీ వాటా ఉంటుంది.

మన బీమ్‌కు మధ్యలో డిఫ్లెక్షన్, 5/384 × మీటరు లోడ్ × స్పాన్ నాలుగో ఘాతం ÷ ఈఐ అనే ఫార్ములాతో, 8.44 మి.మీ., సపోర్టు దగ్గర స్లోప్ 0.0045 రేడియన్లు. అదే బీమ్ కుడి సపోర్టు దాటి 1.5 మీటర్లు బయటికి పొడుచుకొచ్చిందనుకోండి. ఆ ముక్క మీద లోడ్ లేదు, అందులో మూమెంటూ లేదు. ‘అయితే కదలదు’ అని రాసేస్తారు. కదులుతుంది. సపోర్టు దగ్గరి స్లోప్‌ను అలాగే పట్టుకుని తిన్నగా పైకి లేస్తుంది: 0.0045 × 1.5, అంటే 6.75 మి.మీ. ఆ కొనకు గాజు పలకలు బిగించేవాళ్లకు మధ్యలో 8.44 కన్నా ఈ 6.75 ముఖ్యం. స్లోప్‌ను డిగ్రీల్లోకి మార్చి పొడవుతో గుణిస్తే మాత్రం జవాబు 57 రెట్లు తప్పుతుంది. రేడియన్లలోనే ఉంచండి.

అపోహ: పాయింట్ లోడ్ పక్కకు జరిగితే గరిష్ఠ డిఫ్లెక్షన్ కూడా దాని వెంటే పోతుంది

పాయింట్ లోడ్ అంటే ఒకే చోట పడే లోడ్. స్లోప్ సున్నా అయ్యే చోట గరిష్ఠ డిఫ్లెక్షన్ ఉంటుంది, అది లోడ్ కిందే ఉండాలని లేదు. సింప్లీ సపోర్టెడ్ బీమ్‌లో లోడ్‌ను ఒక సపోర్టు దాకా నెట్టుకుంటూ పోయినా, ఆ చోటు అవతలి సపోర్టు నుంచి స్పాన్‌లో 0.577 వంతు దాటి పోదు. 6 మీటర్ల బీమ్‌లో అది మధ్య నుంచి 46 సెం.మీ. జరగడం, అంతే. అందుకే ఒక్క పాయింట్ లోడ్ ఉన్నప్పుడు చేత్తో సరిచూసుకోవడానికి మధ్యలో డిఫ్లెక్షన్ కడితే చాలు. అసలు గరిష్ఠంతో తేడా 3 శాతం లోపే.

అపోహ: మెకాలే పద్ధతి పాయింట్ లోడ్లకే పనికొస్తుంది

లోడ్లు ఎన్ని ఉన్నా బీమ్ మొత్తానికి ఒకే మూమెంట్ సమీకరణం రాసి, ఒక్కో లోడ్ పదాన్ని అది మొదలయ్యే చోటి నుంచి దూరం ఉన్న బ్రాకెట్‌గా పెట్టడమే మెకాలే పద్ధతి. 1919లో వచ్చిన ఈ పద్ధతి యూడీఎల్‌కూ, మధ్యలో పడే మూమెంట్‌కూ పనిచేస్తుంది. యూడీఎల్ మధ్యలో ఆగిపోతే దాన్ని చివరిదాకా పొడిగించి, పొడిగించిన మేర అంతే లోడ్‌ను పైకి పెట్టాలి. బ్రాకెట్‌ను విప్పకుండా అలాగే ఇంటిగ్రేట్ చేయాలి, లోపలి విలువ మైనస్ అయితే ఆ పదం సున్నా. విప్పేశారంటే ఆ పద్ధతితో వచ్చే లాభమే పోయింది.

అపోహ: చివర్లు ఫిక్స్‌డ్ అనుకుంటే సరిపోతుంది, కాలమ్‌కు బిగించాం కదా

నన్ను బాగా విసిగించేది ఇదే. ఫిక్స్‌డ్ అనుకోగానే మన బీమ్ డిఫ్లెక్షన్ 8.44 నుంచి 1.69కి, సరిగ్గా అయిదో వంతుకు పడిపోతుంది. మధ్యలో పాయింట్ లోడ్ అయితే నాలుగో వంతుకు. కాగితం మీద ఇంత చవకగా దొరికే లాభం ఇంకోటి లేదు! కానీ ఫిక్స్‌డ్ అంటే ఆ చివర స్లోప్ సున్నా అని మనం హామీ ఇస్తున్నట్టు. వెబ్‌కు (బీమ్ నిలువు పలకకు) రెండు క్లీట్లు (L ఆకారపు ముక్కలు) పెట్టి బోల్టులు వేసిన జాయింట్ ఆ హామీ నిలబెట్టదు, తిరుగుతుంది. దాన్ని సింప్లీ సపోర్టెడ్‌గానే లెక్కకట్టాలి. వెల్డింగ్ చేసిన గట్టి జాయింట్ అయినా కాలమ్ సన్నదైతే కాలమే తిరుగుతుంది. నిజం ఎక్కువసార్లు 1.69కీ 8.44కీ మధ్యలో ఎక్కడో ఉంటుంది.

అపోహ: ఎక్కువ గ్రేడ్ స్టీల్ వేస్తే తక్కువ వంగుతుంది

గ్రేడ్ పెరిగితే పెరిగేది ఈల్డ్ స్ట్రెంత్ (స్టీల్ శాశ్వతంగా సాగిపోవడం మొదలయ్యే ఒత్తిడి). ‘ఈ’ దాదాపు అలాగే ఉంటుంది. పైగా గ్రేడ్ పెరిగిందని చిన్న సెక్షన్ పెడతారు, ‘ఐ’ తగ్గి డిఫ్లెక్షన్ పెరుగుతుంది. దీర్ఘచతురస్ర సెక్షన్‌లో లోతు రెట్టింపు చేస్తే ‘ఐ’ 8 రెట్లు, వెడల్పు రెట్టింపు చేస్తే 2 రెట్లే.

స్పాన్ విషయంలోనూ ఇలాంటి తేలికభావమే. 6 మీటర్లను 7.2 చేస్తే మూమెంట్ 44 శాతం పెరుగుతుంది, డిఫ్లెక్షన్ మాత్రం రెట్టింపు దాటి 17.5 మి.మీ. అవుతుంది.

అపోహ: షియర్ వల్ల వచ్చే డిఫ్లెక్షన్ ఎప్పుడూ పట్టించుకోనక్కర్లేదు

షియర్ అంటే బీమ్‌ను అడ్డంగా కోసేలా పక్కపక్క భాగాలను ఎదురెదురుగా జరిపే బలం. దీర్ఘచతురస్ర స్టీల్ సెక్షన్‌కు యూడీఎల్ కింద, స్పాన్ లోతుకు 10 రెట్లుంటే షియర్ వాటా బెండింగ్ డిఫ్లెక్షన్‌లో 2.5 శాతమే. వదిలేయొచ్చు. 4 రెట్లే ఉంటే 15 శాతం దాటుతుంది.

అపోహ: ఈ ఫార్ములాలో అంకెలు వేస్తే కాంక్రీట్ బీమ్ పని అయిపోయినట్టే

ఫార్ములా అదే, కానీ ‘ఐ’ మారుతుంది. పగుళ్లు వచ్చాక పూర్తి సెక్షన్ ‘ఐ’ పనికిరాదు. దానికితోడు కదలని లోడ్ కింద కాంక్రీట్ ఏళ్ల తరబడి క్రీప్ అవుతూనే (నెమ్మదిగా ఇంకా వంగుతూనే) ఉంటుంది. మొదటి రోజు కొలిచిన డిఫ్లెక్షన్ తర్వాత రెండు, మూడు రెట్లు కావడం వింతేమీ కాదు. అందుకే పార్టిషన్ గోడలు కట్టాక పెరిగే డిఫ్లెక్షన్‌ను కోడ్‌లు విడిగా చూడమంటాయి.